ఎలక్ట్రిసిటీ, మాగ్నెటిజం ఎలా చదవాలి: ముందు బొమ్మ, తర్వాతే ఫార్ములా

ఇంటర్ సెకండియర్‌లో కూలుంబ్ నియమం, కెపాసిటర్లు, లెంజ్ నియమం అన్నీ చదివేసి, ఎంసెట్ (ఇప్పుడు దాని పేరు ఈఏపీసెట్) కూడా రాసేసి వచ్చినవాళ్ళు డిగ్రీలోనో బీటెక్‌లోనో మళ్ళీ అదే సబ్జెక్ట్ కనపడగానే ఇది మనకి వచ్చిందే కదా అనుకుంటారు. రెండో వారానికి బోర్డు మీద ఇంటిగ్రల్ గుర్తు మధ్యలో చిన్న సున్నా చుట్టి, ఈ డాట్ డీఏ అని రాసేసరికి చాలామంది పెన్ను ఆగిపోతుంది. పిల్లలు తక్కువ చదివారని కాదు. ఎంసెట్‌లో 3 గంటల్లో 160 ప్రశ్నలు చెయ్యాలి, ఒక్కోదానికి ఒక నిమిషం చిల్లర, అక్కడ ఏ లెక్కకి ఏ ఫార్ములానో టక్కున గుర్తు రావడమే చదువు. ఇక్కడ అడిగేది వేరు, ఆ ఫార్ములా ఎక్కడినుంచి వచ్చింది, ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ పనికిరాదు అని.

నేను బీఎస్సీలో ఈ పేపర్ మీద చాలా కష్టపడ్డాను, తర్వాత జూనియర్లకి చాలాసార్లు చెప్పాను. చెప్పిన ప్రతిసారీ చూసింది ఒకటే, ఫీల్డ్ బొమ్మ గీయడం వచ్చినవాళ్ళకి సబ్జెక్ట్ వచ్చేస్తుంది, గీయనివాళ్ళు ఎన్ని డెరివేషన్లు బట్టీ పట్టినా ప్రశ్న కొంచెం మారిస్తే పోతారు. అందుకే ఈ గైడ్ మొత్తంలో నేను పదేపదే పెన్సిల్ తియ్యమనే అంటాను. ఇక్కడ ఏ ఛార్జ్ ఉంది, అది చుట్టూ ఎలాంటి ఫీల్డ్ పెడుతోంది, ఆ ఫీల్డ్ నేను నిలబడ్డ చోట ఎటు చూస్తోంది, ఈ మూడూ కాగితం మీద కనపడేదాకా ఫార్ములా రాయకండి.

మొదలుపెట్టే ముందు ఓ వారం మ్యాథ్స్‌కి ఇవ్వండి, ఎక్కువ అక్కర్లేదు. వెక్టర్‌ని కాంపోనెంట్లుగా విడగొట్టడం, డాట్ ప్రొడక్ట్ క్రాస్ ప్రొడక్ట్ చేత్తో చెయ్యడం, పోలార్ సిలిండ్రికల్ స్ఫెరికల్ కోఆర్డినేట్లలో చిన్న ముక్క పొడవు ఎంత, ఏరియా ఎంత, వాల్యూమ్ ఎంత అని రాయగలగడం. ఈ చిన్న ముక్క విషయంలోనే అందరూ ఇరుక్కుంటారు. ఇంటిగ్రేషన్ అంటే ఇక్కడ పట్టికలోంచి ఆన్సర్ వెతుక్కోవడం కాదు, ఒక పెద్ద వస్తువుని చిన్న చిన్న ముక్కలు చేసి ఒక్క ముక్క ఎంత ఇస్తుందో రాసి అన్నీ కలపడం. ఒక డిస్క్‌ని సన్నటి రింగులుగా కోసి, ఒక్క రింగు ఏరియా చుట్టుకొలత ఇంటూ మందం, అంటే 2 పై ఆర్ డీఆర్ అని మీ అంతట మీరు రాయగలిగితే సగం భయం పోతుంది. తెలుగు మీడియంలో చదివి వచ్చినవాళ్ళయితే నోట్‌బుక్ చివరి పేజీలో ఆవేశం అంటే ఛార్జ్, క్షేత్రం అంటే ఫీల్డ్, అభివాహం అంటే ఫ్లక్స్, ప్రేరణ అంటే ఇండక్షన్ అని రాసి పెట్టుకోండి, మీకు వచ్చిన విషయమే వేరే పేరుతో వస్తోంది, కొత్తదేం కాదు.

ఇక కూలుంబ్ నియమం, రెండు ఛార్జీల మధ్య బలం ఎంతో చెప్పేది, 1785లో వచ్చింది. ఫార్ములా అందరికీ తెలుసు కానీ సైజు తెలీదు. 1 కూలుంబ్ ఛార్జీలు రెండు 1 మీటరు దూరంలో పెడితే బలం 9 ఇంటూ 10 పవర్ 9 న్యూటన్లు, అంటే సుమారు 9 లక్షల టన్నుల బరువు. కాబట్టి మీ లెక్కలో దువ్వెన మీద ఛార్జ్ 2 కూలుంబ్‌లు అని వస్తే ఎక్కడో తప్పు చేశారు, వెనక్కి వెళ్ళి మైక్రోనో నానోనో మర్చిపోయారేమో చూడండి.

తర్వాత ఛార్జ్ ఉన్న రింగు లెక్క. ఇది నూటికి తొంభై మంది బట్టీ పడతారు, దయచేసి అలా చెయ్యొద్దు, ఎందుకంటే ఇదే లెక్క మాగ్నెటిజంలో ఇంకో వేషంలో మళ్ళీ వస్తుంది. రింగు గీయండి, మధ్యలోంచి యాక్సిస్ గీయండి, యాక్సిస్ మీద ఒక పాయింట్ పెట్టండి. రింగు పైన ఒక చిన్న ముక్క, దానికి ఎదురుగా కింద ఇంకో ముక్క తీసుకుని రెండింటి ఫీల్డ్ బాణాలు ఆ పాయింట్ దగ్గర వెయ్యండి. పక్కకి పోయే భాగాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, యాక్సిస్ వెంబడి పోయేవి కలుస్తాయి, అంతే, ఇంటిగ్రేషన్‌లో మిగిలేది అది ఒక్కటే. ఆన్సర్ వచ్చాక రెండు చివర్లూ చూడండి, రింగు మధ్యలో ఫీల్డ్ సున్నా అవుతోందా, బాగా దూరం పోతే పాయింట్ ఛార్జ్ ఫార్ములాలా మారుతోందా. రెండూ అయితే మీ ఆన్సర్ దాదాపు కరెక్టే. మధ్యలోనూ సున్నా, అనంత దూరంలోనూ సున్నా అన్నప్పుడు ఆ రెండింటి నడుమ ఎక్కడో పెద్దగా ఉండాలి కదా, అది వ్యాసార్థం బై రూట్ 2 దూరంలో వస్తుంది, ఒకసారి డిఫరెన్షియేట్ చేసి మీరే తేల్చుకోండి.

గాస్ నియమం దగ్గర కొంచెం ఆగుతాను, నాకు కళ్ళు తెరిపించింది ఇదే. మూసిన తలాన్ని దాటి బయటికి పోయే మొత్తం ఫ్లక్స్, అంటే ఫీల్డ్ గీతల లెక్క, లోపలున్న ఛార్జ్ బై ఎప్సిలాన్ నాట్ అని చెప్పేదే ఈ నియమం. మా ఫస్ట్ ఇంటర్నల్‌లో ఒక ప్రశ్న వచ్చింది, క్యూబ్ మూల మీద క్యూ ఛార్జ్ ఉంది, ఒక్కో ముఖం గుండా ఫ్లక్స్ ఎంత అని. క్యూబ్ అనగానే నాకు గుర్తున్నది క్యూ బై 6 ఎప్సిలాన్ నాట్, అది రాసేశాను, మార్కులు పోయాయి. ఛార్జ్ క్యూబ్ నడిమధ్యలో ఉంటే ఆరు ముఖాలూ ఒకేలా కనపడతాయి కాబట్టి ఆరుతో భాగించొచ్చు, మూల మీద ఉంటే కుదరదు. తర్వాత మా హాస్టల్‌లో ఒక సీనియర్ అన్న కూర్చోబెట్టి ఏ ఫార్ములా చెప్పకుండా, ఈ ఛార్జ్‌ని పూర్తిగా మూసెయ్యాలంటే ఇలాంటి డబ్బాలు ఎన్ని కావాలిరా అని అడిగాడు. గీసి చూస్తే కింద నాలుగు పైన నాలుగు, మొత్తం 8 డబ్బాలు, ఛార్జ్ వాటన్నిటికీ ఉమ్మడి మూలలో ఉంది. ఎనిమిదీ ఒకేలాంటివి, కాబట్టి మన డబ్బా వాటా మొత్తంలో ఎనిమిదో వంతు. ఇప్పుడు మన డబ్బా ముఖాలు చూస్తే, ఛార్జ్‌ని తాకుతున్న మూడు ముఖాల మీద ఫీల్డ్ గీతలు ముఖం వెంబడే జారిపోతాయి, ఒక్కటి కూడా దాటదు, అక్కడ ఫ్లక్స్ సున్నా. మిగిలిన మూడూ ఒకేలా ఉన్నాయి, ఎనిమిదో వంతుని మూడు చేస్తే ఇరవైనాలుగో వంతు, అంటే క్యూ బై 24 ఎప్సిలాన్ నాట్. ఒక్క ఇంటిగ్రేషన్ కూడా చెయ్యలేదు! ఆ రాత్రి నాకు అర్థమైంది సిమెట్రీ అంటే లెక్క సులువు చేసుకునే ట్రిక్కు కాదు, లెక్కే అది అని.

ఫ్లక్స్ అనే మాట విని ఏదో పారుతోందనుకోకండి, ఎన్ని గీతలు ఆ తలాన్ని దాటుతున్నాయి అన్నదే ఫ్లక్స్. గాస్ నియమం ఎప్పుడూ నిజమే, కానీ ఫీల్డ్ కనుక్కోవడానికి పనికొచ్చేది మాత్రం సిమెట్రీ ఉన్నప్పుడే, గోళం, పొడవాటి తీగ, పెద్ద పలక, దాదాపు ఈ మూడే. ఇంకోటి బాగా తప్పు పోయేది, బయట ఉన్న ఛార్జ్ మొత్తం ఫ్లక్స్‌ని మార్చదు, నిజమే, కానీ ఆ తలం మీద ఫీల్డ్‌ని మారుస్తుంది. ఫ్లక్స్ సున్నా అంటే ఫీల్డ్ సున్నా అని రాసేవాళ్ళు క్లాసుకి పదిమందైనా ఉంటారు, అలా రాయాలనిపించినప్పుడల్లా ఖాళీ డబ్బా పక్కన ఒక ఛార్జ్ గీసి చూడండి, గీతలు ఇటునుంచి దూరి అటు బయటికి పోతాయి, లోపల ఫీల్డ్ ఉంది, మొత్తం ఫ్లక్స్ మాత్రం సున్నా.

పొటెన్షియల్ విషయంలో ఒక్క జత బొమ్మలు చాలు. రెండు సమానమైన ప్లస్ ఛార్జీల మధ్య బిందువులో ఫీల్డ్ సున్నా, పొటెన్షియల్ సున్నా కాదు. ఒక ప్లస్ ఒక మైనస్ పెడితే అదే మధ్య బిందువులో పొటెన్షియల్ సున్నా, ఫీల్డ్ మాత్రం ఉంది. గట్టు ఎత్తు వేరు, గట్టు ఏటవాలు వేరు అని మా ఊళ్ళో పొలం గట్టు చూపించి చెప్పేవాణ్ణి, ఎత్తు పొటెన్షియల్, వాలు ఫీల్డ్.

కెపాసిటర్లలో ఏ ప్రశ్న వచ్చినా మొదట చూడాల్సింది బ్యాటరీ ఇంకా తగిలించే ఉందా, తీసేశారా అని. తగిలించి ఉంటే వోల్టేజ్ మారదు, తీసేస్తే ఛార్జ్ మారదు. మధ్యలో డైఎలెక్ట్రిక్, అంటే కరెంట్ పోనివ్వని పదార్థం, పెట్టినప్పుడు ఎనర్జీ పెరుగుతుందా తగ్గుతుందా అన్నది దీని మీదే ఆధారపడి ఉంటుంది, తగిలించి ఉంటే పెరుగుతుంది, తీసేస్తే తగ్గుతుంది. సర్క్యూట్ల మీద ఎక్కువ చెప్పను, కిర్కాఫ్ నియమాలు ఇంటర్‌లో బాగానే చేసి ఉంటారు, కరెంట్ దిశ ఏదో ఒకటి అనుకుని చివరిదాకా మార్చకుండా పోతే చాలు, మైనస్ వస్తే దిశ తిరగబడిందని అర్థం. కానీ ఒక లెక్క మాత్రం తప్పకుండా చెయ్యండి, 1 చదరపు మిల్లీమీటర్ రాగి తీగలో 1 ఆంపియర్ కరెంట్ పోతుంటే ఎలక్ట్రాన్ డ్రిఫ్ట్ స్పీడ్ ఎంత. సెకనుకి 0.07 మిల్లీమీటర్ చుట్టుపక్కల వస్తుంది, అంటే ఒక మీటరు జరగడానికి దాదాపు 3 గంటల 45 నిమిషాలు. మరి స్విచ్ వెయ్యగానే లైటు ఎలా వెలుగుతోంది? తీగ పొడవునా ఎలక్ట్రాన్లు ముందే నిండి ఉన్నాయి, స్విచ్ నుంచి వేగంగా వచ్చేది ఫీల్డ్, అది తగలగానే ఉన్నవి ఉన్నచోటే కదలడం మొదలుపెడతాయి. ఇక్కడ కూడా అసలు కథ ఫీల్డ్‌దే చూడండి.

మాగ్నెటిజంలో అడుగు పెట్టగానే దిశలు తిరగబడిపోతాయి, ఇందాకటిదాకా బలం ఫీల్డ్ వెంబడి ఉండేది, ఇప్పుడు ఫీల్డ్‌కీ వేగానికీ రెండింటికీ లంబంగా ఉంటుంది. ఫ్లెమింగ్ ఎడమచేతి నియమం, కుడిచేతి నియమం, ఆంపియర్ స్విమ్మింగ్ నియమం అని ఇంటర్‌లో నేర్చుకున్నవన్నీ కలగాపులగం చెయ్యకండి, క్రాస్ ప్రొడక్ట్‌కి కుడిచెయ్యి ఒక్కటే పెట్టుకోండి, ఎలక్ట్రాన్ అయితే చివర్లో దిశ తిప్పండి. పరీక్ష హాల్లో పెన్ను కుడిచేతిలో ఉంటుంది కాబట్టి చాలామంది తెలియకుండానే ఖాళీగా ఉన్న ఎడమచెయ్యి లేపి చూసుకుంటారు, ఆన్సర్ మొత్తం తిరగబడిపోతుంది. పెన్ను కింద పెట్టండి, తర్వాత చెయ్యి తిప్పండి. ఇంకా, స్థిరంగా ఉన్న అయస్కాంత ఫీల్డ్ ఛార్జ్‌ని తిప్పుతుంది గానీ దాని స్పీడ్ పెంచదు, ఎందుకంటే బలం ఎప్పుడూ కదలికకి లంబమే. ఆన్సర్‌లో స్పీడ్ మారిపోతే ఎక్కడో పొరపాటు పడ్డట్టే.

ఇప్పుడు ల్యాబ్. మన దగ్గర ఫిజిక్స్ ల్యాబుల్లో స్టీవర్ట్ అండ్ జీ అనే ఎక్స్‌పెరిమెంట్ దాదాపు అందరూ చేస్తారు, గుండ్రటి కాయిల్, దాని యాక్సిస్ మీద జరిపే కంపాస్ బాక్స్. చాలామంది రికార్డు రాయడానికి రీడింగులు పక్కవాళ్ళవి ఎక్కించుకుంటారు, నా మాట విని ఇది ఒక్కటి మాత్రం మీ చేత్తో చెయ్యండి, తీగలో కరెంట్ చుట్టూ ఎంత అయస్కాంత ఫీల్డ్ పెడుతుందో చెప్పే బయో సావర్ట్ నియమం అక్కడే కళ్ళకి కనపడుతుంది. ముందు కాయిల్ తలం ఉత్తర దక్షిణాలుగా ఉండేట్టు పెట్టాలి, జేబులో ఫోన్, బల్ల మీద తాళాల గుత్తి ఉంటే దూరం పెట్టాలి. ఒక లెక్క ముందే వేసుకుని వెళ్ళండి. 50 చుట్లు, 10 సెంటీమీటర్ల వ్యాసార్థం, 0.2 ఆంపియర్ కరెంట్ అనుకుంటే కాయిల్ మధ్యలో ఫీల్డ్ 6.3 ఇంటూ 10 పవర్ మైనస్ 5 టెస్లా. భూమి ఫీల్డ్ అడ్డభాగం ల్యాబ్‌లో 0.38 ఇంటూ 10 పవర్ మైనస్ 4 టెస్లా అని తీసుకుంటాం. రెండూ ఒకదానికొకటి లంబం, కాబట్టి ట్యాన్ తీటా 1.65, ముల్లు 59 డిగ్రీల దగ్గర నిలబడాలి. కంపాస్‌ని 10 సెంటీమీటర్లు పక్కకి జరిపితే ఫీల్డ్ 2 రూట్ 2 రెట్లు తగ్గి ముల్లు 30 డిగ్రీలకి పడాలి. ముందే లెక్క వేసుకుని, నిజంగా ముల్లు వణుక్కుంటూ వచ్చి ఆ అంకెల దగ్గర ఆగడం చూస్తే కలిగే సంతోషం వేరు. ముల్లు రెండు కొనలూ చదవండి, కమ్యుటేటర్ (కరెంట్ దిశ మార్చే స్విచ్) తిప్పి మళ్ళీ చదవండి, నాలుగింటి సగటు తీసుకోండి, తూర్పు వైపూ పడమర వైపూ చెయ్యండి. గ్రాఫ్ గంట ఆకారంలో వస్తుంది, వంపు తిరిగే రెండు బిందువుల మధ్య దూరం సరిగ్గా కాయిల్ వ్యాసార్థమంత ఉంటుంది, స్కేలు పెట్టి కొలవండి. ఫార్ములాలో కింద ఎక్స్ స్క్వేర్ ప్లస్ ఏ స్క్వేర్ పవర్ 3 బై 2 ఉంది చూశారా, ఇందాక ఛార్జ్ రింగు లెక్కలో వచ్చిందీ అదే. అందుకే అది బట్టీ పట్టొద్దన్నాను.

ఇండక్షన్ చదివేటప్పుడు 1831 ఆగస్టులో ఫారడే చేసిన పని ఊహించుకోండి, ఒక ఇనుప రింగుకి రెండు పక్కలా రెండు కాయిల్స్ చుట్టి, ఒకదానికి బ్యాటరీ, రెండోదానికి కరెంట్ పోతే కదిలే ముల్లు. కరెంట్ నిలకడగా పోతున్నంతసేపూ ముల్లు కదల్లేదు, బ్యాటరీ కలిపినప్పుడు ఒకసారి, తీసినప్పుడు వ్యతిరేక దిశలో ఒకసారి కదిలింది. మొత్తం చాప్టర్ అదే, ఫ్లక్స్ ఉండటం కాదు, మారడం ముఖ్యం. ఫారడే చిన్నప్పుడు పుస్తకాలు బైండింగ్ చేసే చోట పని నేర్చుకున్నవాడు, మ్యాథ్స్ పెద్దగా చదువుకోలేదు, గీతలు గీసుకునే ఆలోచించాడు, మనం గీసే ఫీల్డ్ లైన్లు ఆయన దగ్గర్నుంచి వచ్చినవే.

లెంజ్ నియమానికి మైనస్ గుర్తు ఎందుకని అడిగితే హార్డ్‌వేర్ షాపులో ఒక మీటరు అల్యూమినియం పైపు తెచ్చుకోండి, అందులో కాస్త బిగుతుగా పట్టే బలమైన నియోడైమియం అయస్కాంతం వెయ్యండి. మామూలు ఇనుప ముక్క అర సెకను లోపే కిందపడుతుంది, అయస్కాంతం మాత్రం ఎవరో పట్టుకుని దింపుతున్నట్టు నెమ్మదిగా దిగుతుంది. అల్యూమినియం అయస్కాంతానికి అంటుకోదు, అయినా ఆపుతోంది, ఎందుకంటే కింద పైపు భాగంలో ఫ్లక్స్ పెరుగుతోంది, పైన తగ్గుతోంది, రెండు చోట్లా కరెంట్ చుట్టుకుని ఆ మార్పుని అడ్డుకుంటోంది. ఇప్పుడు లెక్కలో ఎప్పుడూ ఈ వరసలోనే అడగండి, ఫ్లక్స్ ఎటు ఉంది, పెరుగుతోందా తగ్గుతోందా, దాన్ని అడ్డుకోవాలంటే కొత్త ఫీల్డ్ ఎటు ఉండాలి, దానికి కరెంట్ ఎటు తిరగాలి. కరెంట్ ఫ్లక్స్‌కి వ్యతిరేకం అని రాయకండి, ఫ్లక్స్‌లో మార్పుకి వ్యతిరేకం. ఇంట్లో ఇండక్షన్ స్టవ్ మీద గిన్నె వేడెక్కేదీ, వీధిలో ట్రాన్స్‌ఫార్మర్ 11 వేల వోల్టులని ఇళ్ళకి సరిపడా తగ్గించేదీ ఇదే సూత్రం మీద.

చివర్లో ఈ నియమాలన్నిటినీ ఒకచోట కలిపే మాక్స్‌వెల్ సమీకరణాలు వస్తాయి, సిలబస్ అయిపోవస్తుంది కాబట్టి క్లాసులో తొందరగా లాగించేస్తారు, మీరు మాత్రం డిస్‌ప్లేస్‌మెంట్ కరెంట్ దగ్గర ఒక పూట కూర్చోండి. ఛార్జ్ అవుతున్న కెపాసిటర్ గీయండి, తీగ చుట్టూ ఒక లూప్ గీయండి, ఆ లూప్‌కి మూతగా ఒక చదును పళ్ళెం పెడితే తీగ దాన్ని గుచ్చుకుని పోతుంది, అదే మూతని సంచిలా సాగదీసి రెండు ప్లేట్ల మధ్యనుంచి పోనిస్తే తీగే తగలదు. లూప్ మూతని గుచ్చుకుని పోయే కరెంట్ నుంచి లూప్ వెంబడి అయస్కాంత ఫీల్డ్‌ని చెప్పేది ఆంపియర్ నియమం, ఇక్కడ ఒకే లూప్‌కి అది రెండు ఆన్సర్లు ఇస్తోంది. ప్లేట్ల మధ్య మారుతున్న ఎలక్ట్రిక్ ఫీల్డ్‌ని కూడా లెక్కలోకి తీసుకుంటేనే రెండూ ఒకటవుతాయి, డిస్‌ప్లేస్‌మెంట్ కరెంట్ అంటే అదే. 1865లో వచ్చిన మాక్స్‌వెల్ పేపర్‌లో ఇదంతా కలిపి చూస్తే, కాంతి కూడా మారుతున్న ఎలక్ట్రిక్, మాగ్నెటిక్ ఫీల్డ్‌ల తరంగమే అని తేలింది. క్యాలిక్యులేటర్ తీసి ఎప్సిలాన్ నాట్ 8.85 ఇంటూ 10 పవర్ మైనస్ 12, మ్యూ నాట్ 4 పై ఇంటూ 10 పవర్ మైనస్ 7 గుణించి, రూట్ వేసి, తిరగెయ్యండి. ఒకటేమో కెపాసిటర్లతో, ఇంకోటి కాయిల్స్‌తో వచ్చే అంకెలు, రెండూ కలిపితే సెకనుకి 3 ఇంటూ 10 పవర్ 8 మీటర్లు, అంటే కాంతి వేగం వస్తుంది, నేను మొదటిసారి వేసినప్పుడు నమ్మలేక మూడుసార్లు నొక్కాను.

ఇక రోజూ చెయ్యాల్సిన పని. క్లాసు అయిన రోజే ఆ డెరివేషన్ పుస్తకం మూసి తెల్లకాగితం మీద రాయండి, ఆగిన చోట గీత పెట్టి అప్పుడు పుస్తకం తెరవండి, మీకు రానిది ఆ గీత దగ్గర ఉంది, మిగతాది మళ్ళీ చదవక్కర్లేదు. వారానికి ఆరేడు లెక్కలు చాలు, కానీ సొల్యూషన్ చూడకుండా ఒక్కోదానికి కనీసం ఇరవై నిమిషాలు ఇవ్వండి. సొల్యూషన్ చూసి అర్థమైంది అనుకున్న లెక్కని మూడు రోజుల తర్వాత మళ్ళీ చెయ్యండి, చాలావరకు రాదు, అప్పుడు చేసిందే మీది. యూనిట్లు ప్రతి లైనులో రాయండి. పాత పేపర్లు చూడటం తప్పుకాదు, ఆఖరి పదిహేను రోజులకి వాటిని ఉంచుకోండి, మొదట్నుంచీ వాటినే చదివితే మళ్ళీ ఎంసెట్ అలవాటులోకి వెళ్ళిపోతారు. ఫెట్ అని కొలరాడో యూనివర్సిటీ వాళ్ళ సిమ్యులేషన్లు ఉచితంగా దొరుకుతాయి, ఛార్జీలు లాగి వదిలి ఫీల్డ్ బాణాలు మారడం చూడొచ్చు, ముందు కాగితం మీద మీరు గీసి ఆ తర్వాత దాంట్లో సరిచూసుకోండి. ఇద్దరు ముగ్గురు కలిసి చదివితే ఒకరు బోర్డు దగ్గర నిలబడి చెప్పాలి, మిగతావాళ్ళు ఎందుకు ఎందుకు అని ఆపుతూ ఉండాలి. పరీక్షలో ఎనిమిది మార్కుల ప్రశ్నకి బొమ్మ మొదట, పెద్దగా, ఫీల్డ్ బాణాలతో గీయండి, దిద్దేవాళ్ళకి మీరేం ఆలోచించారో అందులోనే కనపడుతుంది, చివర్లో లెక్క ఎక్కడైనా తప్పినా అక్కడిదాకా వేసిన మెట్లకి మార్కులు వస్తాయి.